బాపయ్య గారి ఎనిమిది మాటలు

ఎవరైనా నా తప్పు ఎత్తిచూపితే నాకు ముందు కోపం వస్తుంది, ఆలోచన ఆ తర్వాత వస్తుంది. ఈ సంగతి మా ఆయన నాగేష్‌కి తెలుసు, నేను పనిచేసే ల్యాబులో అందరికీ తెలుసు. అందుకే ఆ మంగళవారం పొద్దున బాపయ్య గారు భార్యను వెంటబెట్టుకొని వచ్చి, నా బల్ల ముందు నిలబడి, నేను రాసింది తప్పని అన్నప్పుడు అందరూ తలలు దించుకుని ఎవరి పనిలో వాళ్లు పడిపోయారు.

మాది యూనివర్సిటీ వాళ్ల మెదడు వృద్ధాప్య పరిశోధన కేంద్రం. లింగసుగూరులో ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు. మతిమరుపు ఆఫీసు అంటే ఆటోవాళ్లు గుమ్మంలో దింపుతారు. వయసు పైబడే కొద్దీ మెదడులో ఏం మారుతుందో తెలుసుకోవడానికి జిల్లాలో అరవై దాటిన రెండు వేల మందిని ఏటేటా పరీక్షిస్తాం. నెత్తురు తీస్తాం, నడిపించి చూస్తాం, లెక్కలు అడుగుతాం. అన్నిటికన్నా పెద్దది జ్ఞాపకం పరీక్ష. అది నా పని. తొమ్మిదేళ్లుగా నా పనే.

పరీక్ష చూడటానికి చాలా చిన్నది. పెద్దాయనకో పెద్దమ్మకో పది మాటలు నిదానంగా చెప్పాలి. ఓ పది నిమిషాలు వేరే కబుర్లు చెప్పి, ఆ మాటలేమిటో అడగాలి. కాగితం మీద పది మాటలూ అచ్చువేసి ఉంటాయి. చెప్పినవాటికి టిక్కు పెట్టాలి. జాబితాలో లేనివి ఏమైనా చెబితే కింద ‘ఇతర మాటలు’ అన్న గడిలో రాయాలి. నాలుగూ అంతకన్నా తక్కువ వస్తే ఆ ఇంటికి ఒక ఉత్తరం వెళుతుంది. జ్ఞాపకశక్తి తగ్గుతున్నట్టుంది, పెద్ద పరీక్షలకు తీసుకురండి అని. నిరుటి దాకా ఏటేటా అందరికీ మొదటి జాబితానే చదివాం. అవే మాటలు మళ్లీ అడిగితే కొందరికి గుర్తుండిపోతాయని ఈ ఏడు రెండో జాబితా ఇచ్చారు.

నేను కాగితం చూసి చదవను. కాగితంలో మొహం పెట్టుకుని అడిగితే ముసలివాళ్లు బడిలో పంతులు అడిగినట్టు బెదిరిపోతారు. వాళ్ల కళ్లలోకి చూస్తూ చెబుతాను. కొత్తగా చేరిన పిల్లలకు ఇది చూపించి గొప్పలు పోయేదాన్ని కూడా. మా నాన్న బంగారు గనిలో గుమస్తా. గని క్వార్టర్సులో పెరిగినదాన్ని కాబట్టి కన్నడం, ఉర్దూ, ఇక్కడి తెలుగు, కోస్తా నుంచి వలసొచ్చిన రైతులు కాలవ కింద కట్టుకున్న క్యాంపుల తెలుగు అన్నీ నా నోటికి వస్తాయి. నాలుగు భాషల్లోనూ ఆ జాబితా నాకు కంఠతా వచ్చు.

బాపయ్య గారిది సింధనూరు అవతల ఏడో మైలు క్యాంపు. డెబ్బై మూడేళ్లు. క్యాంపులో ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో ఆ వంతులన్నీ ఆయన తలలో ఉండేవి. తూము చక్రం తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. నెలన్నర క్రితం నేను పరీక్ష పెట్టాను. పదికి సున్నా వచ్చింది. ఉత్తరం వెళ్లింది. అది చదివిన కొడుకు శివాజీ తండ్రి దగ్గర తాళంచెవి తీసుకుని, వంతుల పట్టిక ఒకటి రాసి మోటారు షెడ్డు తలుపుకి అంటించాడట. పెద్దాయన్ని ఒంటరిగా గట్టు మీదికి కూడా పోనివ్వడం లేదట. ఇదంతా ఆయన భార్య తులసమ్మ గారు కళ్లొత్తుకుంటూ చెప్పారు. ఆయన మాత్రం ఏడవలేదు. నిక్కచ్చిగా ఒక్కటే అడిగారు.

"నువ్వు పది చెప్పావు. నేను ఎనిమిది చెప్పానమ్మా. సున్నా ఎలా వేశావు?"

ఇలాంటివి చాలా చూశాను. ఓడినవాళ్లు ఒప్పుకోరు. నవ్వుతూనే, ఆ ఎనిమిదీ ఇప్పుడు చెప్పండి చూద్దాం బాబాయ్ గారూ అన్నాను. ఆయన చేతికర్ర గోడకి ఆనించి, వేళ్లు మడుస్తూ మొదలుపెట్టారు. గొడుగు, మిరప, గుర్రం, నాగలి, సబ్బు, తాళం, పెరుగు, వంతెన.

నాకు నవ్వు ఆగిపోయింది. అవి మొదటి జాబితాలోవి. నిరుడు చదివిన జాబితా. ఈ ఏడు నేను చదవాల్సింది కుండ, రైలు, అల్లం అంటూ మొదలయ్యే రెండోది.

మా ఇన్‌చార్జి డాక్టర్ ప్రతాప్ గారు తన గదిలోంచి వచ్చి విన్నారు. హైదరాబాదులో చదివొచ్చిన మనిషి, నాకన్నా పదిహేనేళ్లు చిన్న, గొంతు పెంచడం తెలియదు. ఇందులో చిక్కేమీ లేదని నేనే ఆయనకు వివరించాను. బాపయ్య గారు ఈ ఏడు విన్నవి మరచిపోయి నిరుడు విన్నవి చెబుతున్నారు. పాతవి నిలిచి కొత్తవి నిలవకపోవడమే కదా ఈ జబ్బు. చెబుతున్నంతసేపూ నాకు నేనే నచ్చాను. అంత బాగా చెప్పాను.

బాపయ్య గారు ఓపిగ్గా విని, "నిరుడు నాకు పరీక్ష పెట్టింది ఒక మగపిల్లాడు. ఈ మాటలు నువ్వు చెప్పావు. మా అరుగు మీద కూర్చుని చెప్పావు" అన్నారు.

అప్పుడు ప్రతాప్ గారు ఫారం తెప్పించారు. తెచ్చింది హిమబిందు. శక్తినగర్ కరెంటు కాలనీ పిల్ల. మేం రాసుకొచ్చిన ఫారాలను కంప్యూటరులోకి ఎక్కించేది తనే. ఫారం మీద రెండో జాబితా అచ్చువేసి ఉంది. ఒక్క టిక్కూ లేదు. కింద ‘ఇతర మాటలు’ గడిలో వరసగా గొడుగు, మిరప, గుర్రం, నాగలి. ఎనిమిదీ ఉన్నాయి. రాత నాదే. తొమ్మిదేళ్లుగా నాలుగు భాషల్లో అప్పజెప్పిన మాటలు నా చేత్తో నేను రాస్తూ, ఇవెక్కడివి ఈయన నోట్లోంచి వస్తున్నాయని నాకు తట్టలేదు. ఎందుకు తట్టలేదో ఆ నిమిషంలో అర్థం కాలేదు. ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు.

సున్నాతో ముగిసే నంబరు ఇళ్లలో పరీక్షను రికార్డు చేస్తాం. బాపయ్య గారి నంబరు పదకొండు వందల నలభై. హిమబిందు ఆ రికార్డు వెతికి పెట్టింది. పెట్టేటప్పుడు నా వైపు చూడలేదు. నా తప్పు బయటపడుతుంటే దీనికి సంబరంగా ఉన్నట్టుందని ఒళ్లు మండింది. రికార్డులో కోడి కూత, ట్రాక్టరు చప్పుడు, ఆ వెనక నా గొంతు. ఎంత నిదానంగా, ఎంత ముచ్చటగా చెబుతున్నానో. గొడుగు. మిరప. గుర్రం.

తప్పు నాదే. తులసమ్మ గారు కొంగుతో మొహం తుడుచుకుని, పోనీలెండి, ఏదో పొరపాటు అన్నారు. ఆవిడ అలా అనకుండా తిట్టి ఉంటే బాగుండేది.

వాళ్లు వెళ్లాక ప్రతాప్ గారు తలుపు వేసి నన్ను కూర్చోబెట్టారు. ఇది అలవాటు వల్ల జరిగింది, తొమ్మిదేళ్లు ఒకే జాబితా చెప్పిన నోరు అటే పోతుంది, మీరు మనసుకి తీసుకోవద్దు అన్నారు. అనుమానం తీరాలంటే ఇప్పుడే చూద్దాం అని మొత్తం పరీక్ష నాకు పెట్టారు. తేదీ, ఊరు, వంద నుంచి ఏడేడు తీసివేయడం, గడియారం బొమ్మ, రెండో జాబితా. ముప్పైకి ముప్పై వచ్చాయి. ఆయన సంతోషంగా కాగితం నా ముందుకు తోశారు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ప్రశ్నపత్రం తయారు చేసినవాళ్లనే కూర్చోబెట్టి అదే పరీక్ష రాయిస్తే ఫెయిలవుతారా? మా ల్యాబులో ఉన్న పరీక్షల్లో నాకు తెలియనిది ఒక్కటీ లేదు. జిల్లాలో ఎవరి మతి ఎలా ఉందో ఈ ఆఫీసు చెప్పగలదు, నాది తప్ప.

ఆ రాత్రీ, మర్నాడూ నా ఆలోచన అటూ ఇటూ కొట్టుకుంది. ప్రతాప్ గారు చెప్పిందే నిజమనిపించేది. యాభై నాలుగేళ్లు ఒక వయసా? వెంటనే ఆ గడిలోని నా రాత కళ్ల ముందుకొచ్చేది. నోరు అలవాటున అన్నదనుకుందాం, చెయ్యి కూడా అలవాటున రాసిందా? నాగేష్‌ని అడిగాను, నేనేమైనా మరచిపోతున్నానా అని. మరచిపోవడానికి నువ్వు నా మాట ఎప్పుడు విన్నావు గనక అని నవ్వాడు. అది వేళాకోళమో, తప్పించుకోవడమో తేల్చుకోలేకపోయాను. నాకు భయం వేసింది. సూటిగా చెప్పాలంటే అది భయమే.

గురువారం సవరణ ఉత్తరం పట్టుకుని ఏడో మైలు క్యాంపుకి బయలుదేరాను. పోస్టులో వేస్తే చాలన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. మా జీపు డ్రైవరు తాయప్పది అరకేర. మాటకారి. కూతురు పీయూసీ పరీక్షలు రాసిందని చెబితే, ఎన్ని మార్కులు వచ్చాయని అడిగాను. అతను జీపు కాస్త నెమ్మది చేసి అద్దంలోంచి నా వైపు చూశాడు.

"ఏందక్కా, మస్కి దాటినంక అడిగిన్రు, చెప్పిన. ఆ ముందుగాల ఆఫీసుల అడిగిన్రు, చెప్పిన. ఇంకోసారి చెప్పమంటె చెప్త, ఎనభై ఒకటి."

ఊరికే ఏడిపిస్తున్నాడేమో అనుకున్నాను. అతనికి ఆ గుణం ఉంది. కాని అతను నవ్వలేదు. మిగతా దారంతా నేను నోరు విప్పలేదు. అడిగితే ఏది రెండోసారి అవుతుందో తెలియడం లేదు.

బాపయ్య గారు మోటారు షెడ్డు దగ్గరే ఉన్నారు. ఉత్తరం శివాజీ చేతికిచ్చి, తప్పు ఆఫీసుది, నాది, మీ నాన్నగారిది కాదు అని చెప్పాను. అతను రెండుసార్లు చదువుకుని, తలుపు మీది పట్టిక చింపేసి, తాళంచెవి తీసి తండ్రి చేతిలో పెట్టాడు. పెద్దాయన దాన్ని మొలకి కట్టుకుని, నన్ను కాఫీకి పిలిచారు. నేను వచ్చిన పని అక్కడితో అయిపోయింది. నిజం చెప్పాలంటే నేను వచ్చిన పని అది కాదు.

తులసమ్మ గారు లోపల కాఫీ పెడుతుంటే, అరుగు మీద ఆయన పక్కన కూర్చుని అడిగాను. బాబాయ్ గారూ, మీకు తోచిన పది మాటలు నాకు చెప్పండి, మామూలు ఇంట్లో మాటలే, కాసేపు ఆగి నన్ను అడగండి అన్నాను. ఆయన నా మొహం వంక చాలాసేపు చూశారు. ఎందుకని అడగలేదు. నా సంచిలోంచి తెల్లకాగితం, పెన్ను తీసుకుని, నాకు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టి పది మాటలు రాసుకున్నారు. తర్వాత నాలాగే, నిదానంగా, కళ్లలోకి చూస్తూ చెప్పారు. పార, మజ్జిగ, కిటికీ, తేలు, అద్దం, బస్తా, చింతకాయ, దుప్పటి, గంట, చేప.

కాఫీ వచ్చింది. తాగాం. ఆయన మా నాన్న గురించి అడిగితే గని కబుర్లు చెప్పాను. ఈ ఏడు కాలవకి నీళ్లు ఎప్పుడు వదులుతారో, చివరి మడులవాళ్లు ఎంత గొడవ చేస్తున్నారో ఆయన చెప్పారు. పది నిమిషాలు అయ్యుంటుంది. గ్లాసు కింద పెట్టి, ఇప్పుడు చెప్పమ్మా అన్నారు.

పార అన్నాను. మజ్జిగ అన్నాను. చేప. ఆ తర్వాత ఖాళీ. ఎదురుగా ఆయన మొహం, ఆ కళ్లు, ఆ పెదాలు ఆడినట్టు కూడా గుర్తుంది, మాట మాత్రం లేదు. గొడుగు అన్నాను. ఆయన కళ్లు వాలిపోయాయి. చాలాసేపటికి తేలు అన్నాను. నాకు తెలియకుండానే ఒళ్లో వేళ్లు మడుస్తున్నాను. ఆయన కిటికీ వైపు చూశారు. మళ్లీ చూశారు. తర్వాత దండెం మీది దుప్పటి కేసి చూశారు. ఎంతమంది కోడళ్లు మామగారి వెనక నిలబడి ఇలాగే కళ్లతో అందించబోతే గదిలోంచి బయటికి పంపించానో నేను. అది తెలిసి కూడా నేను ఆయన చూపు వెంట చూశాను, కిటికీనీ చూశాను, దుప్పటినీ చూశాను, అయినా అవే నేను విన్న మాటలని నాకు అనిపించలేదు.

ఆయన కాగితం మీద ఏదో వేసి మడతపెట్టారు.

"ఏడు వచ్చాయమ్మా. నా కన్నా ఒకటి తక్కువ. పరవాలేదు."

నా ఒళ్లో నాలుగు వేళ్లు మడిచి ఉన్నాయి. అబద్ధం రాయకండి బాబాయ్ గారూ అన్నాను, ఎప్పుడూ అనేంత గట్టిగానే. తులసమ్మ గారు లోపలి నుంచి తొంగి చూశారు. ఆయన కాగితం విప్పి, ఏడు కొట్టేసి, పక్కన నాలుగు వేసి, నా చేతికిచ్చి మొహం కాలవ వైపు తిప్పుకున్నారు. సున్నా వేసినందుకు నా ఆఫీసు దాకా వచ్చి నిలదీసిన మనిషి. నాకు నాలుగు వేయలేక ముందు అబద్ధం రాశారు.

నాకు ముందు తట్టింది నా గురించి కాదు, ఆ ఫారాల గురించి. ఈ ఏడు నేను మూడు వందల పైచిలుకు ఇళ్లకు వెళ్లాను. ఎన్ని ఇళ్లలో ఏ జాబితా చదివానో, ఎవరెవరి తాళంచెవులు పోయాయో ఎవరికి తెలుసు? పెరట్లోకి వెళ్లి హిమబిందుకి ఫోన్ చేశాను. ఈ ఏడు నా చేతిరాత ఉన్న ఫారాలన్నీ తీయమన్నాను. ‘ఇతర మాటలు’ గడిలో గొడుగు, మిరప లాంటివి కనపడితే పక్కన పెట్టు, ఎంతసేపు పట్టినా సరే అన్నాను.

అప్పటికే చూసిన మేడం, అంది. ముప్పై ఒకటి ఉన్నాయంది. దసరా నుంచీ కనపడుతున్నాయట. ఎక్కించేటప్పుడు తనే మొదటి జాబితాతో పోల్చి మార్కులు సరిచేసేదట. అందుకే ఆ ఇళ్లకు ఉత్తరాలు వెళ్లలేదట. బాపయ్య గారి ఫారం వచ్చిన వారం తను సెలవులో ఉందట, వేరేవాళ్లు ఉన్నది ఉన్నట్టు ఎక్కించేశారట.

నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల ముప్పై ఒక్క ఇళ్లను కాపాడిందని తెలిసి కూడా వచ్చింది. దసరా నుంచి నా వెనకాల ఇంత నడుపుతూ, నా మొహం మీద ఒక్క మాట చెప్పడానికి నీకేమైందని అరిచాను. తాయప్ప జీపు దగ్గర నుంచి ఇటు తిరిగి చూశాడు. హిమబిందు గొంతు మాత్రం పెరగలేదు.

"చెప్పిన మేడం. రెండుసార్లు చెప్పిన. రెండోసారి మీరు మస్తు ఏడ్చిన్రు. సార్‌కు మీరే చెప్తనన్నరు, నన్ను ఎవరితోనూ అనొద్దన్నరు."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. తులసమ్మ గారు ఎప్పుడు వచ్చారో, నా భుజం మీద చెయ్యి వేశారు. నేను ఎప్పుడు ఏడ్చాను, ఎక్కడ కూర్చుని ఏడ్చాను, అప్పుడు ఇంకా ఏమన్నాను అని హిమబిందుని అడగాలనుకున్నాను. ఇవి కూడా అంతకు ముందే అడిగి ఉంటానేమోనని అడగలేదు.